భోజనాల గదిలో సైడ్‌బోర్డు

భోజనాల బల్లకు దగ్గర్లో, గోడకు ఆనించి, నడుము ఎత్తున ఉండే పొడవాటి చెక్క సామాను సైడ్‌బోర్డు. పైపలక మీద వడ్డనకు సిద్ధం చేసిన గిన్నెలు పెడతారు. సొరుగుల్లో చెంచాలు, ఫోర్కులు, బల్లగుడ్డలు ఉంటాయి. తలుపులున్న అరల్లో పింగాణీ, గాజు సామాను ఉంటుంది. నూరేళ్లు దాటిన దాన్ని యాంటిక్ అనీ, అంత వయసు లేకున్నా ఒక కాలపు తీరును చూపేదాన్ని వింటేజ్ అనీ వ్యాపారులు అంటారు.

పీటల మీద కూర్చుని విస్తట్లో తినే తెలుగు ఇంట్లో దీనికి పనే లేదు. వంటింట్లోంచి గిన్నె చేత్తో పట్టుకొచ్చి, పంక్తి వెంట వంగి వడ్డించేవారు. పెద్ద పాత్రలు భోషాణంలో, రోజూ వాడేవి గోడ గూళ్లలో, పాలూ పెరుగూ ఉట్టి మీద ఉండేవి. సైడ్‌బోర్డు రావాలంటే ముందు బల్ల రావాలి, ఆ బల్లకు ఒక గది కావాలి. అందుకే దీని చరిత్రంటే మనుషులు భోంచేసే తీరు మారిన చరిత్రే.

యూరప్‌లోనూ అది ఒక్కరోజులో జరగలేదు. మధ్యయుగాల్లో ప్రభువుల వెండి గిన్నెల్ని అందరికీ కనిపించేలా మెట్ల అరల మీద పేర్చేవారు. వడ్రంగి థామస్ చిప్పెండేల్ 1754లో అచ్చువేసిన నమూనాల పుస్తకంలో సైడ్‌బోర్డు అంటే ఇంకా సొరుగుల్లేని పొడవాటి బల్ల మాత్రమే. ఆ తర్వాత వాస్తుశిల్పి రాబర్ట్ ఆడమ్ ఆ బల్లకు రెండు వైపులా దిమ్మెలు, వాటి మీద కలశాలు నిలిపాడు. ఒక దిమ్మెలో పళ్లేలు వెచ్చబెట్టే ఏర్పాటు, రెండోదాంట్లో సీసాలు, కలశాల్లో నీళ్లు. యార్క్‌షైర్‌లోని హేర్‌వుడ్ హౌస్‌కి 1771 ప్రాంతంలో చిప్పెండేల్ చేసిన సెట్టు ఈ తీరుకు పేరుపొందిన ఉదాహరణ. బల్ల, దిమ్మెలు, అరలు కలిసిపోయి ఒకే సామానుగా మారింది 1780ల నాటికి. జార్జ్ హెపుల్‌వైట్ చనిపోయాక 1788లో వెలువడిన నమూనాల పుస్తకం, 1791 నుంచి భాగాలుగా వచ్చిన థామస్ షెరటన్ పుస్తకం ఆ రూపాన్ని వడ్రంగులందరికీ అందించాయి.

విక్టోరియా కాలంలో అది బరువెక్కింది. వెనక అద్దాలు, మీద చెక్కిన పళ్లు, వేటాడిన జంతువులు చేరాయి. 1851 లండన్ మహాప్రదర్శనలో పెట్టిన కెనిల్‌వర్త్ బఫే అనే సైడ్‌బోర్డు మీద ఎలిజబెత్ రాణి 1575లో కెనిల్‌వర్త్ కోటకు వచ్చిన ఘట్టాలు చెక్కారు. ఆ ఆర్భాటానికి జవాబుగా 1867లో ఇ. డబ్ల్యూ. గాడ్విన్ అనే డిజైనర్ నల్లరంగు పూసిన, గీతలు గీసినట్టున్న సైడ్‌బోర్డును రూపొందించాడు. శిల్పం ఒక్కటీ లేని ఆ సామాను ఈనాటికీ కొత్తగా కనిపిస్తుంది.

ఇక మన వైపు. విశాఖపట్నం పేరు ప్రపంచ మ్యూజియాల్లో ‘వైజాగపటం’ సామాను రూపంలో నిలిచింది. ఇంగ్లీషువాళ్లు 1682లో అక్కడ వర్తకస్థావరం పెట్టారు, డచ్చివాళ్లు భీమిలిలో ఉన్నారు. వాళ్ల బల్లల, కుర్చీల నమూనాలు చూసి స్థానిక కంసాలి పనివాళ్లు టేకు, జిట్రేగి, నల్లచేవ కర్రల్లో దంతం పొదిగారు. తొలి రోజుల పూలతీగల అంచుల్లో కోరమండల్ అద్దకపు బట్టల పోలిక స్పష్టంగా ఉంటుంది. 1756లో ఇటు వచ్చిన మేజర్ జాన్ కార్నీల్ అనే బ్రిటిష్ సైనికాధికారి ఈ పొదుగుడు పనిని ప్రత్యేకంగా మెచ్చుకున్నాడు.

తర్వాత పద్ధతి మారింది. కర్రంతా కనబడకుండా పలచని దంతపు రేకులు తాపి, వాటి మీద సన్నని గీతలు చెక్కి, ఆ గీతల్లో నల్లలక్క నింపేవారు. లక్కతో పని ఈ ప్రాంతానికి కొత్త కాదు. ఒకప్పటి విశాఖ జిల్లాలోని ఏటికొప్పాకలో అంకుడు కర్రను గిర్రున తిప్పుతూ, రాపిడి వేడికి కరిగే రంగులక్కను బొమ్మలకు పట్టిస్తారు. ఆ బొమ్మలకు 2017లో భౌగోళిక గుర్తింపు దక్కింది.

విశాఖ పనితనం ఎంత దూరం వెళ్లిందో చెప్పడానికి ఒక్క సంగతి చాలు. మద్రాసు గవర్నరుగా చేసిన అలెగ్జాండర్ వించ్ ఇంటి దంతపు కుర్చీలు, చిన్న బీరువాలు 1781లో ఇంగ్లండులో వేలానికి వస్తే, మూడో జార్జి రాజు తన రాణి షార్లెట్ కోసం కొన్నాడు. అవి నేటికీ బ్రిటిష్ రాజకుటుంబ సేకరణలో ఉన్నాయి.

విశాఖ పనిలో నిలిచినవి ఎక్కువగా రాతబల్లలు, కుర్చీలు, అద్దపు పెట్టెలు, టీ పెట్టెలు. సైడ్‌బోర్డు లండన్‌లో రూపుదిద్దుకుంటున్న రోజుల్లోనే విశాఖ పనివాళ్లు చిన్న వస్తువుల వైపు మళ్లారు. 19వ శతాబ్దంలో గంధపు చెక్క పెట్టెలకు దంతం, తాబేటి చిప్ప, కొమ్ము, ఏదుపంది ముళ్లు తాపారు. దొరల బంగళాల్లోకి, క్లబ్బుల్లోకి చేరిన సైడ్‌బోర్డులు వేరే రకం. అవి నిండు టేకులో, జిట్రేగిలో చేసినవి. ఇంగ్లండులో చవక కర్ర మీద ఖరీదైన చెక్కరేకు అంటించేవారు. ఇక్కడి ఉక్కకు జిగురు విడిపోతుంది, పురుగు పడుతుంది. అందుకే లోపలి పలకలు కూడా గట్టి కర్రతోనే చేశారు. నా దృష్టిలో ఈ సామానుకున్న అసలు గొప్పదనం అలంకారం కంటే ఈ నిజాయితీలోనే ఉంది.

పెద్దల ఇళ్లలో బల్ల భోజనం ఏ స్థాయికి చేరిందో హైదరాబాదు ఫలక్‌నుమా చెబుతుంది. 1884లో పైగా నవాబు వికారుల్ ఉమ్రా పునాది వేసిన ఆ మహలులోని భోజనాల బల్ల దగ్గర 101 మంది ఒకేసారి కూర్చోవచ్చు. మధ్యతరగతి ఇంటికి మాత్రం డైనింగ్ టేబుల్ 20వ శతాబ్దం రెండో సగంలోనే బాగా చేరింది. దాంతో వచ్చిన సైడ్‌బోర్డు ఇక్కడ అద్దాల తలుపుల షోకేసుగా, తర్వాత గోడలో కలిసిపోయిన క్రాకరీ యూనిట్‌గా మారింది. అదే కాలంలో డెన్మార్క్ వడ్రంగులు ఆగ్నేయాసియా టేకుతో సన్నకాళ్ల, జారుడు తలుపుల సైడ్‌బోర్డులు చేశారు. ఇప్పుడు వింటేజ్ బజారులో గిరాకీ ఎక్కువ వాటికే. ఆ టేకు మనకు కొత్తదేమీ కాదు. విశాఖ, శ్రీకాకుళం, గోదావరి జిల్లాల నుంచి వేలమంది రంగూను వెళ్లి బతికిన రోజుల నుంచీ ‘బర్మా టేకు’ అన్న మాట ఇక్కడ నాణ్యతకు గుర్తు.

పాతదాన్ని గుర్తుపట్టాలంటే ముందుభాగం కంటే సొరుగు లాగి చూడాలి. మూలల్లో తోకలా విచ్చుకునే అతుకులు ఒకదానికొకటి సరిగ్గా పోలకుండా ఉంటే చేతిపని కావచ్చు. అచ్చుగుద్దినట్టుంటే యంత్రపు పని. గుండ్రటి రంపపు గాట్లుంటే 19వ శతాబ్దానికి ముందుది కాదు. పిడులు మార్చినచోట పాత బెజ్జాలు మిగులుతాయి. వెనక పలకకు కొత్త పాలిష్ ఉంటే అనుమానించాల్సిందే.

కొనేవారు చట్టం కూడా తెలుసుకోవాలి. నూరేళ్లు దాటిన పురావస్తువును ప్రైవేటు వ్యక్తులు దేశం దాటించడానికి 1972 నాటి పురావస్తు చట్టం ఒప్పుకోదు. ఏనుగు దంతం వ్యాపారాన్ని వన్యప్రాణి చట్టానికి 1986లో, 1991లో చేసిన సవరణలు పూర్తిగా ఆపేశాయి. బ్రిటన్‌లోనూ 2022 జూన్ నుంచి పాత దంతపు సామాను అమ్మకంపై గట్టి ఆంక్షలున్నాయి.

ఇంట్లో తాతల నాటి బల్లో బీరువానో ఉన్నవారు దాన్ని కట్టెల లెక్కన అమ్మేముందు, గీకించి కొత్త పాలిష్ వేయించేముందు, అది ఎవరు ఎక్కడ చేయించారో, ఏ కర్రో పెద్దల్ని అడిగి ఒక కాగితం మీద రాసి సొరుగు అడుగున అంటించాలి. ఆ నాలుగు ముక్కలు లేకపోవడం వల్లే ఉత్తరాంధ్ర వడ్రంగుల పని చాలావరకు పేరు లేకుండా పోయింది.