జోడు పడవలపై ట్రాపీజ్: అమరిక, మార్పులు, జాగ్రత్తలు

ముంబైలోని కామాటిపురకు ఆ పేరు తెలుగు నేల నుండి వలస వెళ్లిన కామాటి కూలీల వల్ల వచ్చింది. వర్లి చాళ్లలో నూలు మిల్లులను నమ్ముకొని స్థిరపడిన మన కుటుంబాలు అనేకం. 1982 జనవరి 18న మొదలైన మిల్లు కార్మికుల సమ్మె ఆ కుటుంబాలను కుదిపివేసింది. అదే సంవత్సరం చివర ఆసియా క్రీడల తెరచాప పందేలు ముంబై జలాల్లో జరిగాయి. ఫైర్‌బాల్ తరగతిలో ఫరోఖ్ తారాపూర్, జరీర్ కరంజియా భారతదేశానికి స్వర్ణం సాధించారు. ఆ పడవలో ఒకరు తీగకు వేలాడుతూ, నీటిమీదికి వాలి పడవను నిలబెట్టాలి. ఆ సాధనమే ట్రాపీజ్.

పుట్టుక

1938లో పీటర్ స్కాట్, జాన్ వింటర్ ఇంగ్లండులో ఈ సాధనంతో ప్రిన్స్ ఆఫ్ వేల్స్ కప్పు గెలుచుకున్నారు. వెంటనే ఆ తరగతిలో దానిని నిషేధించారు. అనంతర కాలంలో అది అనేక పందెపు పడవలకు తప్పనిసరి అంగమైంది. రెండు సన్నని పడవలను అడ్డుకమ్మీలతో కలిపిన కాటమరాన్‌కు ఇది మరీ ముఖ్యం. కాటమరాన్ అనే మాట తమిళ ‘కట్టుమరం’ నుండి పుట్టింది. మన కోస్తా జాలరుల తెప్ప దాని బంధువే. 2016 రియో ఒలింపిక్స్ నుండి నాక్రా 17 అనే జోడు పడవపై ఒక పురుషుడు, ఒక స్త్రీ కలిసి పోటీపడుతున్నారు.

పనిచేసే తీరు

గాలి తెరచాపను నెట్టినప్పుడు పడవ ఒక పక్కకు ఒరుగుతుంది. ఎదురు పక్కన బరువు ఎంత దూరంగా ఉంటే అంత బలంగా అది నిలబడుతుంది. తక్కెడ సూత్రం ఇదే. హోబీ 16 వెడల్పు సుమారు 2.4 మీటర్లు. 70 కిలోల మనిషి గాలి వచ్చే వైపు అంచున కూర్చుంటే, అవతలి పడవ నుండి లెక్కించిన బలం 70 × 2.4, అనగా 168. తీగకు వేలాడి శరీర భారాన్ని మరొక మీటరు వెలుపలికి తీసుకువెళితే అది 70 × 3.4, అనగా 238 అవుతుంది. మనిషి బరువు పెరగలేదు. దూరం మాత్రమే పెరిగింది.

అమరిక

తెరచాప స్తంభం పైభాగాన బిగించిన తీగ ఇరుపక్కలా కిందికి దిగుతుంది. దాని చివర చేతిపిడి, ఎత్తు సవరించే చిన్న కప్పీ, తాడును పట్టి ఉంచే క్లీటు, ఇనుప వలయం ఉంటాయి. నావికుడు ధరించే నడికట్టులోని కొక్కెం ఆ వలయంలో పడుతుంది. రెండు పక్కల వలయాలనూ పడవ మధ్య పరచిన గుడ్డ కింద నుండి సాగే తాడు కలుపుతుంది. అందువల్ల వాడని తీగ గాలికి ఊగదు.

సాధారణ మార్పులు

ఉక్కు తీగకు బదులు డైనీమా తాడు వాడవచ్చు. అది తేలిక, తుప్పు పట్టదు. అయితే నునుపు ఎక్కువ కావడంతో మామూలు ముడి జారిపోతుంది. పురి విప్పి అల్లి కలపడమే మేలు. రాపిడి తగిలే చోట తొడుగు వేయాలి. నిశ్చల జలాల్లో తీగను కిందికి దించి, అలలున్నప్పుడు పైకి ఎత్తడానికి అనువుగా క్లీటు ఉండాలి. ముక్కు నీటిలో మునిగినప్పుడు నావికుడు ముందుకు విసిరివేయబడకుండా వెనుక భాగాన పట్టుతాడు, పాదపట్టీ అమరుస్తారు. మార్పు చేసే ముందు ఆ తరగతి నియమావళి దానిని అనుమతిస్తుందో లేదో చూసుకోవాలి.

ప్రాణరక్షణ

పడవ బోల్తాపడితే కొక్కెం తాళ్లలో చిక్కుకొని మనిషి నీటి కింద బందీ కావచ్చు. అందుకే 2023 జనవరి 1 నుండి అంతర్జాతీయ పందెపు నియమాల ప్రకారం నడికట్టుకు తక్షణం విడిపోయే సాధనం తప్పనిసరి. పాత నడికట్టు చవకగా దొరికిందని కొనరాదు. తేలుడు చొక్కా లేకుండా నీటిలోకి దిగరాదు.

మిల్లులో నూలు చూసిన కళ్లకు తనిఖీ కష్టం కాదు. తీగ పొడవునా దూదిపింజను మెల్లగా జరపాలి. దూది ఎక్కడ చిక్కుకుంటే అక్కడ ఒక పోగు తెగినట్లే. తీగ మొత్తాన్ని మార్చివేయాలి. చివరలు బిగించిన చోట తుప్పును ప్రత్యేకంగా వెతకాలి. పిమ్మట ఒడ్డునే పడవను గట్టిగా పట్టించి, పూర్తి బరువుతో వేలాడి చూడాలి.

పందెంలో ఆడేవారికి పతకం దక్కుతుంది. తాడు బిగించిన వానికి పేరు దక్కదు. కాని వేలాడే మనిషి ప్రాణం వాని చేతి ముడిలోనే ఉంటుంది. మన పిల్లలు ఈ వృత్తిలో అడుగుపెట్టదలిస్తే, మొదట నేర్వవలసిన పాఠం అదే.