లారీ ఇంజను త్రిప్పుబలము

లారీని గూర్చి మాట్లాడునపుడు దాని ఇంజనుకు ఎన్ని అశ్వశక్తులని మొదట అడుగుట మనకు వాడుక. కాని నిండు బరువుతో ఘాటురోడ్డు నెక్కవలసిన లారీకి ఆ సంఖ్య యొక్కటే చాలదు. ఇరుసును త్రిప్పు బలమెంతయో కూడ తెలియవలెను. దీనినే ఇంజనీర్లు టార్కు అందురు. ఈ త్రిప్పుబలమును ఇరుసు తిరుగు వేగముతో హెచ్చవేయగా వచ్చునదే అశ్వశక్తి. ఈ భేదమును డీసెల్ లారీల చరిత్ర మనకు చక్కగా బోధించును.

రుడాల్ఫ్ డీసెల్ 1897లో ఆగ్స్‌బర్గు నగరమున నడిపి చూపిన ఇంజను, ఇంధనములోని శక్తిలో నూటికి 26 పాళ్లను పనిగా మార్చెను. ఆనాటి ఆవిరియంత్రములకు అది అందని ఘనత. కాని నూనెను సిలిండరులోనికి చిమ్ముటకు అణచిన గాలి కావలెను. ఆ గాలికి బరువైన కంప్రెసరు కావలెను. కావున అది కర్మాగారములకును, ఓడలకును పనికివచ్చెనే గాని లారీ నెక్కలేకపోయెను.

ఈ చిక్కును విప్పుటకు జర్మనీలో రెండు మార్గములు బయలుదేరెను. బెంజ్ సంస్థ 1923లో, సిలిండరు చెంత నొక చిన్న గదిలో ముందుగా మంట పుట్టించు పద్ధతితో లారీని నడిపెను. ఎం.ఏ.ఎన్. సంస్థ 1924లో నూనెను నేరుగా సిలిండరులోనికే చిమ్మించెను. మొదటిది నిమిషమునకు 1000 చుట్లలో 45 అశ్వశక్తుల నిచ్చెను. రెండవది 900 చుట్లలో 40. చూపునకు మొదటిదే మేలు. కాని లెక్కకట్టి చూతము: ఆ వేగములందు రెండింటి త్రిప్పుబలమును ఇంచుమించు 32 కిలోగ్రాము-మీటరులే. హెచ్చు శక్తి హెచ్చు వేగమువలన వచ్చినదే.

1949లో వెలువడిన మెర్సిడెస్ బెంజ్ ఓ.ఎం. 312 ఇంజను 90 అశ్వశక్తులది. తొలి బెంజ్ ఇంజనుకు సరిగా రెండింతలు! కాని ఆ శక్తి 2800 చుట్లలో లభించును; ఆ వేగమున త్రిప్పుబలము 23 మాత్రమే. అయినను అది వెనుకబడలేదు. ఇంజను మూడు చుట్లు తిరుగగా ఇరుసు ఒక్క చుట్టు తిరుగునట్లు గేరు వేసినచో, బలము ఇంచుమించు మూడింతలగును. 1954లో జంషెడ్‌పూరులో టాటావారు జర్మనుల సహకారముతో తయారుచేయ నారంభించిన లారీలు ఈ వంశమునకు చెందినవే.

పంపులోని అడ్డుమరను సడలించి నూనెను పెంచినచో బలము పెరుగునని కొందరి నమ్మకము. కొంత పెరుగును, నిజమే. కాని నూనె మండుటకు గాలి కావలెను. గాలిని మించిన నూనె నల్లని పొగయై పోవును. వేడిమి హెచ్చి పిస్టన్లు చెడును. ధర్మమైన మార్గము గాలిని కూడ పెంచుట. బయటికి పోవు పొగ వేగముతోనే గాలిని లోనికి నెట్టు టర్బో పద్ధతికి స్విట్జర్లాండు ఇంజనీరు ఆల్ఫ్రెడ్ బూఖి 1905లోనే పేటెంటు పొందెను. 1954లో వోల్వో సంస్థ తన టైటన్ లారీకి దీనిని అమర్చి, 150 అశ్వశక్తులను 185కు పెంచెను.

నేడు నూనె కొలతను ఎలక్ట్రానిక్ యంత్రములు నిర్ణయించుచున్నవి. అయినను గాలికి, నూనెకు గల లెక్క మారలేదు. కావున లారీ కొనువారు అశ్వశక్తితో తృప్తిపడక, టార్కు ఎంత, అది ఏ వేగమున లభించును, గేర్లు ఎట్టివి అని మూడు ప్రశ్నలు వేయుట మేలని మా మనవి.