సంకల్పం

తంబళ్లపల్లె వైపు వ్రతానికి కూర్చున్నవాళ్లు ముందు సంకల్పం చెప్పుకుంటారు: దేశం, కాలం, గోత్రం, పేరు, ఆపైన కోరిక. ‘కౢప్’ ధాతువుకు ‘సం’ చేరి పుట్టిన ఈ సంస్కృత పదంలో మనసులో రూపు కట్టుకోవడం, నిశ్చయించుకోవడం రెండూ ఉన్నాయి.

తెలుగు బైబిల్లో, రోమా పత్రిక 8వ అధ్యాయంలో, ఇదే మాట దేవుడిది. మనిషి ఆ సంకల్పం చొప్పున పిలుపు అందుకున్నవాడు. మూలంలోని గ్రీకు మాట ‘ప్రోథెసిస్’, అంటే ముందు పెట్టడం. యూదుల ఆలయంలో దేవుని సన్నిధిన ఉంచే రొట్టెలకూ అదే మాట.

ఆ తెలుగు బైబిల్‌కూ తంబళ్లపల్లె వైపుకూ ఒక లంకె ఉంది: 1863 నుంచి మదనపల్లెలో పనిచేసిన ఆర్కాట్ మిషన్ వైద్యుడు జేకబ్ చాంబర్లేన్, తెలుగు బైబిల్ సవరణ సంఘానికి అధ్యక్షత వహించారు. వైద్యమూ వాక్యమూ ఒకే చేతి మీదుగా నడిచిన ఊరది. చాంబర్లేన్ 1908లో అక్కడే కన్నుమూశారు.

ఇప్పుడు పెళ్లి కుదిరినా, ఉద్యోగం పోయినా విశ్వాసులు ‘దేవుని సంకల్పం’ అంటారు. దుఃఖంలో ఉన్నవాళ్ల నోరు మూయించడానికి ఈ మాట వాడితే నాకు బాధ కలుగుతుంది. రోమా పత్రిక రాసిన పౌలు అలా వాడలేదు. ఏమని ప్రార్థించాలో తెలియని బలహీనుడి పక్షాన పరిశుద్ధాత్మే మూలుగులతో విజ్ఞాపన చేస్తాడని ముందు చెప్పి, ఆ తర్వాతే సంకల్పం మాట ఎత్తాడు. అది దేనికో కూడా వెంటనే చెప్పాడు: విశ్వాసి క్రీస్తు పోలికలోకి మారడానికి. అదే అధ్యాయం చెప్పే ఆత్మానుసారంగా నడవడమంటే రోజూ ఆ మార్పుకు ఒప్పుకోవడమే.