సంచిత మొత్తం

వరుసలోని సంఖ్యలను ఒక్కొక్కటిగా కలుపుతూ, ప్రతి మెట్టులోనూ అప్పటిదాకా వచ్చిన కూడికను రాసుకుంటూ పోతే వచ్చేవి సంచిత మొత్తాలు. 4, 7, 2, 5 అనే వరుసకు అవి 4, 11, 13, 18. బ్యాంకు పాసుపుస్తకంలో నిల్వ చూపే గడి ఈ లెక్కతోనే నిండుతుంది. జమ అయితే కలుపుతారు, తీసుకుంటే తగ్గిస్తారు.

భారతీయ గణితంలో: ఈ లెక్కకు తొలినాటి చక్కని ఉదాహరణ ఆర్యభటీయంలో ఉంది. ఆర్యభటుడు (జననం 476) పావు వృత్తాన్ని 24 భాగాలు చేశాడు. వాటి జ్యాలను (సైన్ విలువలను) నేరుగా చెప్పకుండా, ఒక్కో జ్యాకూ దాని ముందుదానికీ ఉన్న తేడాలను మాత్రమే అక్షరసంఖ్యల్లో పొదిగాడు. ఆ తేడాలు 225, 224, 222, 219, 215 అంటూ మొదలై చివరికి 7కు దిగుతాయి. చదివేవాడు వాటిని కూడుకుంటూ పోతే 225, 449, 671, 890, 1105 వస్తాయి. ఇరవైనాలుగో మెట్టులో సరిగ్గా వ్యాసార్ధమైన 3438 దగ్గర లెక్క ఆగుతుంది. ఒక్క శ్లోకంలో పట్టిక మొత్తం ఇమిడిపోయింది.

సంచిత మొత్తాలను మళ్లీ కూడితే వచ్చేదాన్ని ఆయన చితిఘనం అన్నాడు. 1, 2, 3, 4ల సంచిత మొత్తాలైన 1, 3, 6, 10 గుండ్ల చొప్పున నాలుగు వరసలు పేర్చిన గుట్టలో గుండ్లు 20. సూత్రం ప్రకారం 4, 5, 6లను గుణించి 6తో భాగించినా అదే వస్తుంది. నారాయణ పండితుడు 1356 నాటి గణితకౌముదిలో ఈ కూడికను ఎన్నిసార్లయినా జరిపే పద్ధతినిచ్చాడు. కేరళ గణితజ్ఞులు దాన్ని అనంత శ్రేణులకు వాడారు.

యంత్రాలు, రేఖాచిత్రాలు: 1642లో పాస్కల్ మొదలుపెట్టిన కూడిక యంత్రంలో మొత్తం చక్రాల మీదే నిలిచి ఉండేది. 1821లో ఫూరియే పారిస్ జనాభాను వయసులవారీగా సంచిత వక్రంతో చూపాడు. 1875లో గాల్టన్ ఇలాంటి వక్రానికి ఓజివ్ అని పేరు పెట్టాడు. తెలుగు పాఠ్యపుస్తకాల్లోనూ ఆ పేరే స్థిరపడింది. ఆరోహణ, అవరోహణ సంచిత పౌనఃపున్య వక్రాలు ఖండించుకున్న చోటు మధ్యగతాన్ని తెలుపుతుంది. 1883లో రిపుల్ జలాశయ సామర్థ్యం లెక్కకట్టడానికి, 1905లో లోరెంజ్ సంపద అసమానత చూపడానికి సంచిత వక్రాలు గీశారు.

కంప్యూటర్లలో: 1979లో విజికాల్క్ అనే ప్రోగ్రాం వచ్చాక ఈ లెక్క గడుల పట్టికలకు ఎక్కింది. పై గడిలోని మొత్తానికి పక్క గడిలోని సంఖ్యను కలిపే సూత్రాన్ని కిందికి లాగితే చాలు.

వక్రాన్ని చదవడం: కలిపేవన్నీ ధన సంఖ్యలైతే గీత ఎప్పుడూ కిందికి దిగదు. నిటారుగా లేచిన చోట సంఖ్యలు పెద్దవి, చదునుగా సాగిన చోట చిన్నవి. క్రికెట్ ప్రసారాల్లో ఓవర్ల వెంట పాకే ‘వార్మ్’ గీత ఇలాంటిదే. అందులో రెండు వరుస ఓవర్ల ఎత్తుల తేడా తీస్తే వాటిలో రెండో ఓవరులో వచ్చిన పరుగులు తిరిగి దొరుకుతాయి.