కలం కదలని ఎనిమిదేళ్ళు

‘ప్రియురాలు పిలిచింది’ సినిమా మనలో చాలామంది చూసే ఉంటారు. టబు, ఐశ్వర్యారాయ్ అక్కచెల్లెళ్ళుగా వేసిన ఆ కథకి మూలం ‘సెన్స్ అండ్ సెన్సిబిలిటీ’ అనే ఇంగ్లీషు నవల. రాసినావిడ జేన్ ఆస్టిన్. ఆవిడ నవలల గురించి అందరూ చెప్తారు. నాకు మాత్రం ఆవిడ దాదాపు ఏమీ రాయని ఎనిమిదేళ్ళ గురించి చెప్పాలని ఉంది.

జేన్ 1775లో ఇంగ్లండులో స్టీవెంటన్ అనే పల్లెలో పుట్టింది. పాతికేళ్ళు నిండేలోపే మూడు నవలలు చిత్తుగా రాసి పెట్టుకుంది. 1801లో చర్చి ఉద్యోగం నుంచి తప్పుకున్న తండ్రి కుటుంబాన్ని బాత్ నగరానికి తీసుకెళ్ళాడు. అక్కడ అద్దె ఇళ్ళు మారడంతోనే సరిపోయింది. 1803లో ఒక నవలని పది పౌండ్లకి కొన్న ప్రచురణకర్త దాన్ని అచ్చే వెయ్యలేదు. కొత్తగా మొదలుపెట్టిన నవల సగంలో ఆగిపోయింది. 1805 జనవరిలో తండ్రి పోయాడు. ఆ తర్వాత తల్లీ కూతుళ్ళు అన్నదమ్ములు ఇచ్చే డబ్బుతో బతుకుతూ, సౌతాంప్టన్‌లో ఇంకో అన్న కుటుంబంతో కలిసి ఉన్నారు.

దీన్ని విశ్రాంతి అంటే నేనొప్పుకోను. రాయకపోవడం వేరు, విశ్రాంతి వేరు. మనకి తెలియనిదా! మధ్యాహ్నం నడుం వాల్చినా మనసు రేపటి ఇడ్లీ పిండి చుట్టూ, పిల్లల ఫీజుల చుట్టూ తిరుగుతూనే ఉంటుంది.

1809లో అన్న ఎడ్వర్డ్ చాటన్ అనే ఊళ్ళో వాళ్ళకి ఓ ఇల్లు ఇచ్చాడు. ఆ ఇంట్లో నలుగురే ఆడవాళ్ళు: అమ్మ, అక్క కసాండ్రా, స్నేహితురాలు మార్తా, జేన్. ఇంటిపని చాలావరకు కసాండ్రా, మార్తా చూసుకున్నారు. జేన్ వంతుకి వచ్చింది పొద్దున తొమ్మిదింటి ఫలహారం, టీపొడీ పంచదారా చూసుకోవడం. మిగతా పొద్దు ఆవిడదే.

ఇక చూడండి. 1811లో ఒక నవల, 1813లో ‘ప్రైడ్ అండ్ ప్రెజుడిస్’, 1814లో ఒకటి, 1815 చివర్లో ఇంకొకటి! మొదటి రెండూ ఆ పాత చిత్తుప్రతులే. ఇరవైల్లో రాసుకున్నవి ముప్పై దాటాక తిరగరాసింది. ఎన్ని ఇళ్ళు మారినా ఆ కాగితాలు పారెయ్యలేదు కదా, నాకు అదే గొప్పగా అనిపిస్తుంది.

నేనూ అప్పుడప్పుడూ కథలు రాస్తాను. ఏడాదిగా ఒక్కటీ లేదు. అయినా నోటుబుక్కు అటక ఎక్కించలేదు, దిండు పక్కనే ఉంచాను.

మీ ఇంట్లో కూతురో కోడలో అత్తగారో కలం, కుంచె, వీణ ఏదైనా పక్కన పెట్టేసి ఉంటే, ‘మానేశావా?’ అని మాత్రం అడక్కండి. ఓ పూట పొయ్యి దగ్గర మీరు నిలబడి, ఆవిణ్ణి ఊరికే కూర్చోనివ్వండి.