బ్రాంకియెక్టాసిస్‌లో బాక్టీరియా ఇన్ఫెక్షన్: గుర్తింపు, చికిత్సల చరిత్ర

శ్వాసనాళాలు శాశ్వతంగా వెడల్పై, తెమడను బయటికి నెట్టే శక్తి కోల్పోవడమే బ్రాంకియెక్టాసిస్. 1819లో ఫ్రెంచి వైద్యుడు లేనెక్, తాను కనిపెట్టిన స్టెతస్కోపు గురించి రాసిన గ్రంథంలోనే దీన్ని వర్ణించాడు. నిలవున్న తెమడలో బాక్టీరియా పెరిగి వాపు తెస్తుందనీ, ఆ వాపు నాళాలను మరింత చెడగొడుతుందనీ 1986లో వైద్యుడు పీటర్ కోల్ ఈ విషవలయాన్ని వివరించాడు. దీన్నిబట్టి చూస్తే, తెమడను పరీక్షించకుండా, దాన్ని బయటికి తీయకుండా ఇచ్చే యాంటీబయాటిక్ సగం వైద్యమే. ఈ జబ్బు చరిత్ర కూడా ఆ మాటనే బలపరుస్తుంది.

యాంటీబయాటిక్‌లు లేని కాలంలో వైద్యుల చేతిలో ఉన్నది తెమడ ఒక్కటే. గాజుపాత్రలో కాసేపు ఉంచితే అది పైన నురగ, మధ్యన పల్చటి ద్రవం, అడుగున చీముగా తేరుకునేది. 1901లో లండన్ వైద్యుడు విలియం యూవర్ట్, రోగిని ఏటవాలుగా పడుకోబెట్టి తెమడ దానంతటదే జారేలా చేసే పద్ధతిని ప్రచారం చేశాడు. 1922లో ఫ్రెంచి వైద్యులు సికార్, ఫొరెస్టియే లిపియొడాల్ అనే అయోడిన్ నూనెను నాళాల్లోకి పంపి ఎక్స్‌రేలో వాటి ఆకారం చూపించారు. ఇప్పుడు ఆ పని సీటీ స్కాన్ చేస్తోంది. అయితే స్కాన్ నాళం ఎంత చెడిందో చెబుతుంది గానీ, అందులో ఏ క్రిమి ఉందో చెప్పలేదు. అది తేలాలంటే తెమడను కల్చర్‌కు, అంటే క్రిమిని పెంచి గుర్తించే పరీక్షకు పంపాల్సిందే. సీసాలో పడింది ఉమ్మి అయితే ఫలితం తప్పుదారి పట్టిస్తుంది. అందుకే లేబరేటరీలో ముందు స్లైడు చూస్తారు: నోటి పొర కణాలు తక్కువగా, చీము కణాలు ఎక్కువగా ఉంటేనే అది ఊపిరితిత్తుల్లోంచి వచ్చిన నమూనా.

కల్చర్ ఫలితానికి రోజులు పడతాయి, రోగి అంతదాకా ఆగగలడా అని అడగవచ్చు. ఆగనక్కర్లేదు. మొదటి మోతాదుకు ముందే నమూనా తీసుకుని, పాత ఫలితాల ఆధారంగా మందు మొదలుపెట్టి, కొత్త ఫలితం వచ్చాక అవసరమైతే మార్చవచ్చు. సాధారణంగా 14 రోజులు వాడతారు. క్రిమి ఉన్నంత మాత్రాన మందు వేయాలా అన్నది ఇంకా లోతైన ప్రశ్న. స్థిరంగా ఉన్న రోగి తెమడలో కూడా హీమోఫిలస్ అనే బాక్టీరియా కనబడుతుంది. అందుకే దగ్గు, తెమడ పరిమాణం, చీము, ఆయాసం, నీరసం, రక్తం పడటం వంటి వాటిలో కనీసం మూడు 48 గంటలు లేదా అంతకుమించి ముదిరి, చికిత్స మార్చాలని వైద్యుడు భావిస్తేనే దాన్ని ఉధృతిగా లెక్కించాలని 2017లో నిపుణులు నిర్వచించారు. సూడోమోనాస్ అనే బాక్టీరియా సంగతి వేరు. అది ఒకసారి పాతుకుపోతే తొలగించడం కష్టం కాబట్టి, మొదటిసారి కనబడగానే నిర్మూలనకు ప్రయత్నించాలని అదే ఏడాది యూరోపియన్ మార్గదర్శకాలు సూచించాయి.

దీర్ఘకాలం మందు వాడటం కొత్త ఆలోచన కాదు. 1957లోనే బ్రిటన్ మెడికల్ రీసెర్చ్ కౌన్సిల్ ఏడాదిపాటు ఆక్సీటెట్రాసైక్లిన్ ఇచ్చి చూసింది, చీము తగ్గింది. 2012లో న్యూజిలాండ్ అధ్యయనంలో వారానికి మూడుసార్లు అజిత్రోమైసిన్ తీసుకున్నవారికి ఉధృతులు తగ్గాయి. దీనివల్ల మందుకు లొంగని బాక్టీరియా పెరుగుతుందన్న అభ్యంతరం న్యాయమైనదే. కనుక ఏడాదికి మూడు, అంతకుమించి ఉధృతులు వచ్చేవారికే ఇది ఇవ్వాలి. మొదలుపెట్టేముందు టీబీ జాతికి చెందిన ఇతర మైకోబాక్టీరియా లేవని తేల్చుకోవాలి. లేకుంటే ఈ ఒక్క మందే వాటికి నిరోధకత నేర్పుతుంది. మన దేశంలో ఈ జాగ్రత్త మరీ అవసరం. 2019లో వెలువడిన భారతీయ బ్రాంకియెక్టాసిస్ రోగుల రిజిస్ట్రీలోని 2,195 మందిలో జబ్బుకు అన్నిటికన్నా ఎక్కువగా కనిపించిన కారణం పాత టీబీయే. టీబీ నయమైనా దగ్గు వదలనివారికి మళ్లీ టీబీ మందులే మొదలుపెట్టే ముందు తెమడ కల్చర్, సీటీ స్కాన్ రెండూ చేయించడం వైద్యుల బాధ్యత.