బస్సుకు ఎన్ని చప్పట్లు?

ఒకటో తరగతికి ఇంగ్లీషు చెప్తూ నేనో పొరపాటు చేశాను. సిలబుల్ అంటే అక్షరం అని చెప్పి, బోర్డు మీద ‘బస్’ రాసి, ఎన్ని సిలబుల్స్ ఉంటే అన్ని చప్పట్లు కొట్టమన్నాను. తరగతంతా రెండు కొట్టింది. ఒకటే అన్నాను. ముందు వరసలో కూర్చున్న పిల్ల లేచి, “కాదు టీచర్, బ ఒకటి, స్సు ఒకటి” అంది. సుద్దముక్క వెతుక్కుంటున్నట్టు బోర్డు వైపు తిరిగాను గానీ, జవాబు తోచలేదు.

ఆ పిల్ల అన్నదాంట్లో తప్పేముంది? వాళ్లింట్లో, వీధిలో అది బస్సే కదా. చివర అచ్చు పలక్కపోతే మనకు మాట పూర్తయినట్టుండదు. పెన్ను, కారు, ఫ్యాను అన్నిటికీ ఉకారం అలా వచ్చి చేరిందే. స్కూలుకైతే ముందు కూడా ఒకటి తగిలించి ఇస్కూలు చేశాం. ఇంగ్లీషువాళ్లు ఒక్కసారి చప్పట్లు కొట్టే చోట మనం మూడుసార్లు కొడతాం.

నేను అనువాదం దగ్గర తప్పటడుగు వేశాను. కంటికి కనబడే గుర్తునూ అక్షరం అంటాం, నోటితో ఒక్క ఊపున పలికే ముక్కనూ అక్షరమే అంటాం. పాతది రెండో అర్థమే. క్షరం కానిది, తరిగిపోనిది అక్షరం. గాయత్రికి 24, అనుష్టుప్పుకు 32 అని వేదఛందస్సు లెక్కపెట్టింది ఈ పలుకు ముక్కల్ని. రాతతో పనిలేకుండా నోటా చెవినా నడిచిన లెక్క అది. తర్వాత రాత వచ్చి ఆ పేరు తనకే పెట్టుకుంది.

సిలబుల్ కథ వేరు. ‘కలిపి పట్టుకోవడం’ అనే అర్థమున్న గ్రీకు క్రియ దానికి మూలం. లాటిన్‌లో సిల్లబా. ఇంగ్లీషుకొచ్చే దారిలో చివర ఓ లకారం అంటుకుంది; వ్యుత్పత్తిలో దానికి చోటే లేదు. పైగా ఈ మాట చివర, బాటిల్, టేబుల్ చివర, ఇంగ్లీషువాళ్ల నోట తరచు అచ్చే వినబడదు. లకారమే అచ్చు పీట మీద కూర్చుంటుంది. పాత పెద్దబాలశిక్షలో ఋ ౠల తర్వాత ఌ అని ఒకటుండేది, గుర్తుందా? సంస్కృతంలో అది ఉన్న ధాతువు ఒక్కటే; మన ‘క్లుప్తం’ అక్కడిదే. పనికిరానిదని వాచకాల్లోంచి తీసేసిన ఆ ఌ చుట్టం ఒకటి పిల్లల వాటర్ బాటిల్‌లో రోజూ బడికొస్తోంది.

మళ్లీ బస్సు దగ్గరికి. నాకు జవాబు చివరికి బడిలో బట్టీపట్టిన ఛందస్సులో దొరికింది. పొల్లుహల్లును విడిగా లెక్కపెట్టరు, ముందున్న అక్షరంతో కలిపి దాన్ని గురువు చేస్తారు. అలా ‘బస్’ ఒక్క గురువు. ‘బస్సు’ గురువూ లఘువూ, అంటే హగణం. నా లెక్కా ఒప్పే, ఆ పిల్ల లెక్కా ఒప్పే. పలికిన మాటలే వేరు. బనానా చక్కని యగణం. స్ట్రెంగ్త్స్ అనే మాట తొమ్మిది లెటర్లు మోసుకొచ్చినా ఒక్క గురువే.

ఒత్తు సంగతి ఇంకా ముచ్చటైనది. అమ్మ అనే మాటను అ, మ్మ అని విడదీసి రాస్తాం. నెమ్మదిగా పలికి చూడండి: మొదటి ముక్కలోనే పెదవులు కలిసిపోతాయి. అమ్, మ. రాత రెండు మకారాలనూ రెండో అక్షరానికి కట్టబెట్టేసింది. లాక్షణికులు చెవిని నమ్మారు, ద్విత్వానికి ముందున్న ఆ అకారాన్ని గురువన్నారు. ఇలాంటి తగువే అమెరికా బళ్లలోనూ నడిచింది. అక్కడ చెలామణిలో ఉన్న డిల్వర్త్ స్పెల్లింగు పుస్తకం క్లస్టర్‌ను క్ల, స్టర్ అనీ, హ్యాబిట్‌ను హ్యా, బిట్ అనీ కోసేది, అచ్చం మన ఒత్తులాగే. 1783లో నోవా వెబ్‌స్టర్ తన స్పెల్లింగు పుస్తకంలో క్లస్, టర్ అనీ, హ్యాబ్, ఇట్ అనీ నోరు పలికే తీరున కోశాడు. గురులఘువుల సంగతి ఎవరైనా చెప్పి ఉంటే ఆయన ఎంత సంబరపడేవాడో!

రాతకు ముందే పిల్లలకు ఈ లెక్క వచ్చు. ఇసబెల్ లీబర్మన్ బృందం 1974లో అచ్చువేసిన పరిశోధనలో పిల్లలు చిన్న కర్రతో బల్ల మీద కొడుతూ మాటల్ని లెక్కపెట్టారు. నర్సరీ పిల్లల్లో దాదాపు సగం మంది సిలబుల్స్ సరిగ్గా కొట్టారు. విడి ధ్వనుల దగ్గరికొచ్చేసరికి ఒక్కరూ కొట్టలేకపోయారు.

మర్నాడు బోర్డు తుడిచేశాను. అక్షరం అన్న మాటే ఎత్తలేదు. గడ్డం కింద చెయ్యి ఆనించుకుని పలకమన్నాను. అచ్చు పలికినప్పుడల్లా గడ్డం దిగి చేతిని తాకుతుంది. మన వ్యాకరణాలు అచ్చులను ప్రాణాలనీ, హల్లులను ప్రాణులనీ ఊరికే అనలేదు. ‘బస్’కు ఒకసారి తాకింది, ‘బస్సు’కు రెండుసార్లు. ఇక పిల్లలు ఆగలేదు, కిటికీ, రబ్బరు, పెన్సిల్, కంటికి కనబడిందల్లా గడ్డంతో కొలిచేశారు. ఆ ముందు వరస పిల్ల చెయ్యి తియ్యకుండానే నా వైపు చూసి అంది: “టీచర్ అంటే రెండే టీచర్. టీచరమ్మ అంటే నాలుగు.”